పాము సస్తే మడుగోళ్ళు ఎటెల్తారు?

మేం అయిదుగురం. ముగ్గురం సవరలం, ఇద్దరం జాతాపులం. సీతంపేట కొండల్లో వేరువేరు గూడల్లో పుట్టాం. నలుగురం ఒకే హాస్టల్లో చదువుకున్నాం. అయిదో మనిషి మాలో ఒకడి అప్ప, ఇప్పుడు చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. ఒకడు పాలకొండలో ఫోన్లు బాగుచేసే కొట్లో కూచుంటాడు, వాడిని అందరం బావ అంటాం. ఒకడు విశాఖపట్నంలో గోదాములో పని. ఒకడు జీడితోట చూసుకుంటున్నాడు. అందరిలోకీ చిన్నోడు డిగ్రీ చదువుతున్నాడు. ఇది ఎవరు రాశారని అడిగితే అయిదుగురమూ అనే చెప్పాలి. ఒకరు రాసింది ఒకరు కొట్టేసి, మళ్ళీ తగువుపడి, మళ్ళీ రాశాం.

ఆదివాసీల పుస్తకంలో జపాను వీడియో ఆట గురించి ఏటి గొడవ అని పెద్దలకు అనిపించవచ్చు. మాకూ మొదట మొహమాటమే వేసింది. పోడు గురించి రాయొచ్చు, పట్టాల గురించి రాయొచ్చు, మూసేసిన బడి గురించి రాయొచ్చు. అవన్నీ రాసేవాళ్ళున్నారు. ఈ ఆట గురించి మాత్రం మా అయిదుగురి మధ్యా మూడేళ్ళుగా తగువు నడుస్తోంది, ఒకసారి ఆరు నెలలు మాటలు కూడా ఆగిపోయాయి. మనుషులు మాట్లాడుకోవడం మానేసేంత సంగతి రాయదగ్గదే అని అప్ప తేల్చింది.

2020లో కరోనా వచ్చి కాలేజీలు మూసేసినప్పుడు మొదలైంది ఇదంతా. క్లాసులు ఫోన్లో అన్నారు. మా గూడల్లో సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. ఎక్కినా మేష్టారి గొంతు ముక్కలుముక్కలుగా వచ్చేది. అప్పుడు బావ తన ఫోన్లో క్రోనో ట్రిగ్గర్ అనే ఆట చూపించాడు. ఒకసారి దించుకుంటే సిగ్నల్ అక్కర్లేదు. ఫోను ఒకటే, మేం నలుగురం. ఒకడు ఆడుతుంటే మిగతా ముగ్గురు చూడటం. చూడటం అంటే చదవటం. ఈ రకం ఆటల్లో తుపాకీ పట్టుకుని పరుగెత్తడం ఉండదు. ఒక పాత్రగా మారి ఊళ్ళు తిరుగుతావు, ప్రతి ఇంట్లో మనిషితో మాట్లాడతావు, వాళ్ళు చెప్పింది చదివి అర్థం చేసుకుంటేనే దారి తెలుస్తుంది. అంతా ఇంగ్లీషు. తెలియని మాట వస్తే కాగితం మీద రాసుకుని, కొండెక్కినప్పుడు అప్పకు ఫోన్ చేసి అడిగేవాళ్ళం. ఇంటర్లో రాని ఇంగ్లీషు ఆ వానాకాలంలో వచ్చింది. టీచర్లు ఇది చదువుతుంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, చాలు.

క్రోనో ట్రిగ్గర్ 1995లో జపానులో వచ్చింది. చేసిన సంస్థ స్క్వేర్. దాని వెనక ఉన్నవాళ్ళు అక్కడ పెద్ద పేర్లు: ఫైనల్ ఫాంటసీ తెచ్చిన సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ రాసిన హోరీ, డ్రాగన్ బాల్ బొమ్మలు గీసిన తోరియామా. కథ చిన్నది. ఊరి జాతరకు వెళ్ళిన క్రోనో అనే కుర్రాడు, మార్ల్ అనే రాజుగారి పిల్ల, లుక్కా అనే యంత్రాలు చేసే స్నేహితురాలు కాలంలో వెనక్కీ ముందుకీ పోగలిగే దారి కనుక్కుంటారు. 1999లో భూమిలోంచి లావోస్ అనే జీవి లేచి లోకాన్ని బూడిద చేస్తుందని చూసి వస్తారు. చూశాక ఊరుకోలేరు, దాన్ని ఆపడానికి బయల్దేరతారు. నడిమధ్యలో క్రోనో చచ్చిపోతాడు. హీరో చచ్చిపోయాక కూడా ఆట నడుస్తుందని మాకు తెలియదు. జీడితోటోడు ఫోను కింద పెట్టేసి ఆ పూట తిండి తినలేదు. తర్వాత వాణ్ణి తిరిగి తెచ్చుకోవచ్చని తెలిసి పండగ చేసుకున్నాం.

దీనికి రెండో భాగం ఉందని మాకు రెండేళ్ళ దాకా తెలియదు. పేరు క్రోనో క్రాస్. 1999 నవంబరులో జపానులో, 2000లో అమెరికాలో వచ్చింది. యూరపులో అసలు అమ్మనే లేదు. దాన్ని బాగుచేసి, కొత్త మెరుగు పెట్టి, 2022 ఏప్రిల్ 7న మళ్ళీ విడుదల చేశారు. రీమాస్టర్ అంటారు. పాత సినిమాను 4కె అని మళ్ళీ హాల్లో వేస్తున్నారు కదా, పోకిరి వేశారు, మాయాబజార్‌కు 2010లో రంగులు వేశారు, అలాంటిదే. తమాషా ఏంటంటే దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 4న, మమ్మల్ని కూడా రీమాస్టర్ చేశారు. ఆదివారం శ్రీకాకుళం జిల్లా వాళ్ళంగా పడుకుని సోమవారం పార్వతీపురం మన్యం జిల్లా వాళ్ళంగా లేచాం. కొండ అదే, రోడ్డు అదే.

విశాఖ వాడు జీతంలో మిగిల్చి పాత లాప్‌టాప్ కొన్నాడు. 2023లో కందికొత్తల పండక్కి ఇంటికి వస్తూ అందులో ఈ రీమాస్టర్ వేసుకుని వచ్చాడు. పగలు పండగ, రాత్రి ఆట. జీడితోటోడి ఇంటి అరుగు మీద.

మొదటి రాత్రే తగువు.

క్రోనో క్రాస్‌లో క్రోనో లేడు. మార్ల్ లేదు. లుక్కా లేదు. సెర్జ్ అని వేరే కుర్రాడు, ఎల్ నీడో అనే దీవుల్లో చేపలు పట్టుకునే ఊరివాడు. ఒకరోజు సముద్రం ఒడ్డున కళ్ళు తిరిగి, లేచి ఇంటికి వెళితే ఊళ్ళో ఎవరూ వాణ్ణి గుర్తుపట్టరు. ఆ ఊళ్ళో సెర్జ్ పదేళ్ళ కిందటే నీళ్ళలో పడి చచ్చిపోయాడు, కొండ చివర గోరీ కూడా ఉంది. అంటే లోకాలు రెండు. ఒకదాంట్లో వాడు బతికాడు, రెండోదాంట్లో పోయాడు. రెండింటి మధ్య తిరుగుతూ ఆడాలి. పోనుపోను తెలుస్తుంది, మొదటి ఆటలో మనం ప్రాణం పెట్టి గెలిపించిన రాజ్యం కొన్నేళ్ళకే కూలిపోయిందని, లుక్కా నడిపిన అనాథ పిల్లల ఇల్లు తగలబడిందని. ఒకచోట ఆ ముగ్గురూ చిన్నపిల్లల నీడల్లా కనబడి సెర్జ్‌ను నిలదీస్తారు.

బావ మండిపడ్డాడు. “ఇంత కట్టపడి నోకాన్ని కాపాడితే ఆళ్ళని సంపేసి రెండో బాగం తీస్తారా? ఎవుడడిగాడు నిన్ను?”

లోకంలో ఈ ఆట అభిమానుల్లో సగం మంది బావలాగే మండిపడ్డారని మాకు తర్వాత తెలిసింది. ఇరవై అయిదేళ్ళుగా అదే తగువు. సీక్వెల్‌ను తిట్టేవాళ్ళ ఫిర్యాదులు: పాతవాళ్ళను చంపేశారు, తోరియామా బొమ్మల్లేవు, నొబుతెరు యూకి అనే వేరే చిత్రకారుడు గీశాడు, మనతో కలిసి నడవగలిగే పాత్రలు నలభై అయిదు, ఒక్కడూ మనసుకు పట్టడు, గైల్ అనే మాంత్రికుణ్ణి మొదటి ఆటలోని మేగస్‌గా చూపిద్దామనుకుని మధ్యలో మానేశారు, చివర్లో కథంతా ఒక్క గుక్కలో మన నెత్తిన పోస్తారు. మెచ్చుకునేవాళ్ళు సంగీతం చూపిస్తారు, యసునోరి మిత్సుదా చేసింది. దాని మొదటి పాట విని మా మామ్మ కూడా చేట పక్కన పెట్టింది. గేమ్‌స్పాట్ అనే వెబ్‌సైట్ దీనికి పదికి పది ఇచ్చింది, అలా ఇవ్వడం వాళ్ళు చాలా అరుదు. ఒకే ఆటను ఒకడు ద్రోహం అంటాడు, ఒకడు పదికి పది అంటాడు.

నలభై అయిదు మంది సంగతిలో మా అందరిదీ బావ మాటే. ఇందులో ఒక పని చేశారు. ఇంతమందికి వేరువేరుగా మాటలు రాస్తే పట్టవని, ఒకే మాట రాసి, పక్కనున్న పాత్ర ఎవరైతే వాడి యాసలోకి దాన్ని మార్చే ఏర్పాటు ఆటలోనే పెట్టారు. ఒకడికి చివర ఒక అక్షరం తగిలిస్తారు, ఇంకొకడికి సగం అక్షరాలు మింగిస్తారు. చదువుతుంటే నవ్వొస్తుంది. కాసేపటికి నవ్వు పోయింది. మన సినిమాల్లో మా శ్రీకాకుళం యాస ఎవరికి ఇస్తారు? పనిమనిషికి, దొంగకి, నవ్వించేవాడికి. యాస అంటే చివర ‘ఏటి’ తగిలించడం అని రాసేవాళ్ళు అనుకుంటారు. మా మామ్మ తెలుగు మాట్లాడితే అందులో సవర వాక్యం నడుస్తుంది, ఆమె మాటను మా మాటగా మార్చాలంటే చివరి అక్షరం మారిస్తే చాలదు. ఆట చేసినవాళ్ళను మరీ తిట్టలేం, అప్పటి డిస్కులో చోటు అంతే. కానీ అభిమానులు దీన్ని తెలివైన పని అని పొగుడుతుంటే మాకు గొంతు దిగదు.

సరే, అసలు సంగతికి వస్తాం.

రెండో రాత్రి. కిడ్ అనే పిల్ల, సెర్జ్‌తో తిరిగే దొంగపిల్ల, విషం తగిలి పడిపోతుంది. హైడ్రా విషం. విరుగుడు కూడా హైడ్రాలోనే దొరుకుతుంది. అది చాలా తలల పాములాంటి జీవి. ఆ లోకంలో హైడ్రాలను మనుషులు వేటాడి పూర్తిగా తుడిచేశారు. రెండో లోకంలో ఒక మడుగులో ఉంది. వెళ్ళి దాన్ని చంపి మందు తేవాలి. మడుగులో డ్వార్ఫులని పొట్టి మనుషులుంటారు, అడ్డం వస్తారు, తన్నాలి. మేం తన్నాం. హైడ్రాను కొట్టడం కష్టమైంది, మూడుసార్లు ఓడిపోయాం. నాలుగోసారి గెలిచి అరుపులు అరిచాం.

మామ్మ గోడకు ఆనుకుని ఇదంతా చూస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, బొమ్మల్ని చూస్తోంది. మాలో జాతాపు పిల్లలున్నారని తెలుగులోనే అడిగింది. “పాము సస్తే మడుగోళ్ళు ఎటెల్తార్రా?”

మేం పట్టించుకోలేదు. “ఆట మామ్మా” అన్నాం. మందు పట్టుకుని వెళ్ళిపోయాం, కిడ్ బతికింది.

మూడో రాత్రి దాకా ఆమె మాట మాకు గుర్తు లేదు. అప్పటికి కథలో సెర్జ్ ఒంటిని లింక్స్ అనే శత్రువు లాక్కున్నాడు, సెర్జ్ లింక్స్ ఒంట్లో ఉన్నాడు. అంటే మనం శత్రువు మొహంతో తిరుగుతున్నాం. ఒక పనిమీద నీటి డ్రాగన్ దీవికి వెళ్ళాం. అది ఫెయిరీల చోటు, రెక్కలున్న చిన్న మనుషులు. వెళ్ళేసరికి దీవి నిండా డ్వార్ఫులు. ఫెయిరీలను చంపుతున్నారు. వాళ్ళు ఎవరో కాదు, మడుగోళ్ళు. హైడ్రా పోయాక వాళ్ళ మడుగు వాళ్ళది కాకుండా పోయింది. మనుషులు మా చోటు పాడుచేశారు, మాకు బతకడానికి చోటు కావాలి, అందుకే ఇది తీసుకుంటున్నాం అంటారు. వాళ్ళతో యుద్ధం చేసి గెలుస్తాం. గెలిచాక మిగిలిన ఫెయిరీలు దండం పెట్టరు. ఇదంతా మీ మనుషుల వల్లే అంటారు.

చిన్నోడు లాప్‌టాప్ మూత దించేశాడు.

వాడి ఊరు ఒక ప్రాజెక్టు నీళ్ళకింద ఉంది. ఏ ప్రాజెక్టో ఇక్కడ రాయం, చదివేవాళ్ళు తమకు తెలిసిన ఊరిని పెట్టుకోవచ్చు, మన జిల్లాల్లో అలాంటి ఊళ్ళకు కొదవ లేదు. వాడికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. వాళ్ళకు కాలనీ ఇచ్చిన చోటు అంతకుముందు ఖాళీ స్థలం కాదు. పక్క ఊరి వాళ్ళు, వాళ్ళూ మనవాళ్ళే, అక్కడ పశువుల్ని మేపుకునేవారు, చింతపండు ఏరుకునేవారు. కాలనీ కట్టిన ఏడాది బోరు దగ్గర కొట్లాట అయింది. చిన్నోడి నాన్న చేతిలో కర్ర ఉంది. ఎదుటివాడి తల పగిలింది. ఆ మనిషి కొడుకు తర్వాత మా హాస్టల్లోనే చదివాడు, చిన్నోడితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇది మాకెవరికీ తెలియదు. ఆరేళ్ళు పక్కపక్క పెట్టెలు పెట్టుకుని పడుకున్నాం, వాడు చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాడు. చెప్పి, “మనం ఇందులో డ్వార్ఫులమా, ఫెయిరీలమా?” అని అడిగాడు.

బావ నోరు జారాడు. “ఆటని ఆటనాగ సూడరా. అన్నిట్లోనూ మనమే ఉండాలేటి?”

అంతే. చిన్నోడు తెల్లారి వెళ్ళిపోయాడు. ఆరు నెలలు బావతో మాట్లాడలేదు, మాతోనూ అంతంతమాత్రం.

బావ మాటలో కొంత నిజం లేకపోలేదు. మనల్ని వెతుక్కుంటూ చూస్తే ఏ కథలో అయినా మనం కనిపిస్తాం. కానీ వాడు మరిచిపోయిన సంగతి ఒకటుంది. 2015లో బాహుబలికి పట్నంలో హాలుకు వెళ్ళినప్పుడు, కాలకేయులు తెరమీదికి రాగానే ముందు వరసలో కుర్రాళ్ళు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వారు. వాళ్ళకోసం మదన్ కార్కీ కిలికి అని భాషే తయారుచేశారు, అది వింటూ ఇంకా నవ్వారు, ఎందుకంటే హాల్లోకి వస్తూ మేం సవరలో మాట్లాడుకుంటున్నాం. మనం వెతుక్కోకపోయినా పక్కవాడు మనల్ని అక్కడ వెతికిపెడతాడు. ఆ రోజు బావ కూడా మాతోనే ఉన్నాడు.

అప్ప అప్పుడే చెప్పింది, మేమే ఆలస్యంగా ఒప్పుకున్నాం. సీక్వెల్ చేసిన పెద్ద పని పాత హీరోల్ని చంపడం కాదని. మొదటి ఆటలో గెలిస్తే గెలిచినట్టే. జెండా, బాణాసంచా, పెళ్ళి. గెలుపు ఎవరి చోటు మీదుగా నడిచిందని అక్కడ ఎవరూ అడగరు. రెండో ఆట ఆ మాటే అడుగుతుంది. మాసాతో కాటో రాసిన ఈ కథలో మనం స్నేహితురాలిని బతికించుకోవడానికి చేసిన మంచిపని కొన్ని గంటల తర్వాత ఇంకొకరి దీవిలో శవాలుగా తేలుతుంది. అభిమానులు మేగస్ ఏమయ్యాడని ఇరవై అయిదేళ్ళు కొట్టుకున్నారు. మడుగోళ్ళ సంగతి ఒక పక్క దారి అన్నట్టు దాటేశారు. ఇంకో విడ్డూరం. కిడ్‌కు మందు తెస్తావా అని అడిగినప్పుడు తేను అని కూడా చెప్పొచ్చు. అప్పుడూ ఆమె బతుకుతుంది, పైగా గ్లెన్ అనే మంచి కత్తివీరుడు మనతో వస్తాడు. అందుకని చాలామంది ‘తేను’ అనమని సలహా ఇస్తారు. మడుగు కోసం కాదు, గ్లెన్ కోసం.

మా ప్రాంతం వాళ్ళకు ఈ డ్వార్ఫుల సంగతి అర్థం చేయించడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఏనుగుల్ని తలుచుకోండి. 2007 నుంచి ఒడిశా అడవుల్లోంచి ఇటు వస్తున్నాయి. 2018లో వచ్చిన మంద వీరఘట్టం, జియ్యమ్మవలస, కొమరాడ వైపు తిరుగుతూ ఇక్కడే ఉండిపోయింది. చెరకు పోయింది, అరటి పోయింది, మనుషులు పోయారు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు పోయాయి. అక్కడ వాటి అడవి ఏమైందని రైతు అడగలేడు, వాడి పంట పోయింది. ఏనుగు చెప్పలేదు. ఇద్దరూ నిజమే. జీడితోటోడు రెండు రాత్రులు చెట్టుమీద గడిపాడు, వాణ్ణడిగితే వాడికి ఏనుగు మీద జాలి లేదు. వాడి చెట్లు ఇరవై రెండు విరిగాయి. జాలి పడమని వాడికి చెప్పే హక్కు మాలో ఎవరికీ లేదు.

చిన్నోడు తిరిగి వచ్చింది పాట వల్ల. అదీ ఈ ఆటలోనిదే.

ఎల్ నీడోలో మార్బ్యూల్ అని ఒక ఊరుంది. సగం మనిషి సగం జంతువుగా ఉండే వాళ్ళ ఊరు, మనుషులు వాళ్ళను చిన్నచూపు చూస్తారు. ఒక లోకంలో ఆ ఊరు పాడుబడి నీడల్లాంటి రాక్షసులతో నిండిపోయింది, కత్తి వేస్తే వాటికి తగలదు. ఊరివాళ్ళంతా జెల్బెస్ అనే షోకు ఓడలో కూలికి ఉన్నారు. జూదం ఆడే డబ్బున్నవాళ్ళ ఓడ అది. వీళ్ళు నేలలు తుడుస్తారు. ఆ ఊరి పెద్ద, అన్నీ తెలిసిన ముసలాయన, అదే ఓడలో మాప్ పట్టుకుని తుడుస్తుంటాడు, ఎవరికీ తెలియదు. నిక్కీ అనే పాటగాడు మార్బ్యూల్ పాత పాటను ఓడలోనే కచేరీగా కడతాడు. ఆ పాట వినిపించాక నీడలకు ఒళ్ళు వస్తుంది. అప్పుడే వాటిని కొట్టి ఊరిని తిరిగి తెచ్చుకోవచ్చు.

విశాఖ వాడు ఒక్కడే ఈ ముక్క ఆడాడు, ఆడి చిన్నోడికి ఫోన్ చేశాడు. “తుడిసేవోడి దగ్గిరే పాటుందిరా” అన్నాడు. విశాఖలో వాడుండే గదికి దగ్గర్లో హోటళ్ళున్నాయి, పండగ రోజుల్లో మనవాళ్ళ చేత అక్కడ థింసా ఆడిస్తారు. ఆడిన అమ్మాయిలు వంటింటి వైపు మెట్ల మీద కూచుని అన్నం తింటారు. వాడు చూసిందే. చిన్నోడు ఆ వారం చివర బస్సెక్కి విశాఖ వెళ్ళాడు. ఇద్దరూ మళ్ళీ మొదటినుంచి ఆడారు.

రీమాస్టర్ గురించి కూడా చెప్పాలి కదా, అభిమానుల రెండో తగువు అదే. వచ్చిన కొత్తలో అది నత్తలా నడిచేది. యుద్ధంలో బొమ్మ ఆగి ఆగి కదిలేది. మేం లాప్‌టాప్ ముసలిదని దాన్ని తిట్టాం. తీరా చూస్తే ఖరీదైన యంత్రాల్లో కూడా అలాగే ఉందట, ఇరవై ఏళ్ళ కిందటి డిస్కు కంటే కొత్తది నెమ్మది. 2023 ఫిబ్రవరిలో సరిచేశారు. వెనక దృశ్యాల్ని కంప్యూటర్‌తో సాగదీసి నున్నగా చేశారు. కొన్నిచోట్ల తడిగుడ్డతో తుడిచిన ముగ్గులా అయ్యాయి. మొహాలు కొత్తగా గీశారు, అవి బాగున్నాయి. మాకు నచ్చింది వేరే. పాతది కావాలంటే ఒక చోట నొక్కితే పాత గరుకు బొమ్మలే వస్తాయి. కొత్తది చేసి పాతదాన్ని పారేయలేదు.

సవర గోడ బొమ్మలు తెలిసినవాళ్ళకు ఈ తగువు కొత్త కాదు. ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో వేసేవి. ఇంట్లో జబ్బు చేసినా, పండగొచ్చినా, పెద్దలు కలలోకి వచ్చినా వేసేవారు. గోడ అలికితే బొమ్మ పోయేది, మళ్ళీ వేసేవారు. పాతది దాచే పద్ధతి లేదు. ఇప్పుడు గుడ్డమీద, అట్టమీద రంగులతో వేసి అమ్ముతున్నారు. అది అసలు బొమ్మ కాదని కొందరు అంటారు. మామ్మను అడిగితే ఆమెకు అసలు నకిలీ గొడవ లేదు, ఆ బొమ్మ ఎవరికోసం వేశావు అని అడుగుతుంది. అమ్మడానికి అంటే తల ఊపుతుంది. అది ఒప్పుకోవడమో కాదో మాకు ఇప్పటికీ తెలియదు.

ఈ రీమాస్టర్‌లో ఇంకొకటి కలిపారు. ర్యాడికల్ డ్రీమర్స్ అనే చిన్న ఆట, దాదాపు అంతా చదివేదే, క్రోనో క్రాస్ కథకు మొదటి చిత్తుప్రతి లాంటిది. 1996లో జపానులో ఉపగ్రహం ద్వారా ప్రసారం చేశారు. ప్రసారం ఆగితే అదీ ఆగింది. అభిమానులు దాన్ని దాచుకుని, సొంతంగా ఇంగ్లీషులోకి చేసుకుని చదివారు. సంస్థ తానుగా ఇంగ్లీషులో ఇచ్చింది 2022లోనే. అదే అభిమానులు మొదటి ఆటను కొత్త బొమ్మలతో మళ్ళీ చేద్దామని చూస్తే 2004లో సంస్థ ఆపేయించింది. సొంతంగా ఒక సీక్వెల్, క్రిమ్సన్ ఎకోస్ అని, ఏళ్ళ తరబడి కష్టపడి దాదాపు పూర్తిచేస్తే 2009లో అదీ ఆపేయించింది. చట్టం సంస్థ వైపే ఉంది. కానీ పోవాల్సినదాన్ని దాచింది ఎవరు?

మాకు ఇది గుచ్చుకోవడానికి కారణముంది. 2021లో మామ్మ చేత కథలూ పాటలూ చెప్పించి ఫోన్లో రికార్డు చేశాం. పధ్నాలుగు గంటలు. సవర మాటలు తెలుగు అక్షరాల్లో ఎలా రాయాలో తెలియక, రాయడం తర్వాత చూద్దాంలే అనుకున్నాం. మంగై గొమాంగో 1936లో చేసిన సోరా సొంపెంగ్ లిపి మాకెవరికీ రాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని 1938 నాటికే నిఘంటువు తెచ్చారు, మేం సవర ఇంట్లో పుట్టి ఒక్క కథ కాగితం మీద పెట్టలేదు. ఫోను వాగులో పడింది. బావ, రోజూ పది ఫోన్లు బతికించేవాడు, మా ఫోను బతికించలేకపోయాడు. ఏడ్చాడు కూడా. మామ్మ మళ్ళీ చెప్పింది, కానీ అవే కథలు కావు. కొన్ని చిన్నవయ్యాయి, ఒకటి పూర్తిగా మారిపోయింది, చచ్చిపోవలసిన పిల్ల ఈసారి బతికింది. మేం మొదటిదే సరైనదని పట్టుబడితే మామ్మ విసుక్కుంది. ఈసారి అప్ప కూచుని రాస్తోంది, బళ్ళో సవర వాచకాలకు వాడిన తెలుగు అక్షరాల పద్ధతిలోనే. రెండూ రాస్తోంది, మాకు గుర్తున్నంతవరకు మొదటిదీ, ఇప్పటిదీ.

ఆట చివర ఏమవుతుందో కూడా చెప్పేస్తాం, పాతికేళ్ళ ఆటకు గుట్టేమిటి. ఆఖరి శత్రువును కొట్టి చంపొచ్చు. అప్పుడు ఆట మామూలుగా ముగుస్తుంది. లేదా ఆరు రంగుల శక్తుల్ని వరసగా వాడాలి: పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, తెలుపు. ఒక్కో రంగుకు ఒక్కో స్వరం. అన్నీ కలిస్తే పాట అవుతుంది, ఆ తర్వాత క్రోనో క్రాస్ వాడితే లోపల చిక్కుకున్న మనిషి విడుదలవుతుంది. కష్టం ఏంటంటే మధ్యలో శత్రువు కూడా రంగులు వాడి వరస చెడగొడుతుంది. పదకొండుసార్లు చెడింది మాకు. డప్పు కొట్టేటప్పుడు పక్కవాడు తాళం తప్పితే ఎలా ఉంటుందో అలాగే. పన్నెండోసారి కుదిరింది. ఆ పూట అందరం ఉన్నాం, బావతో సహా. చిన్నోడు బావతో అన్న మొదటి మాట “నువ్వు నొక్కకు, నువ్వు తాళం తప్పుతావు” అని.

బావ ఇప్పటికీ సీక్వెల్‌ను ఒప్పుకోడు. క్రోనో బతికే ఉన్నాడంటాడు. చిన్నోడు ఇంకో రకంగా అంటాడు. “రెండు నోకాలుంటే, ఒకదాన్లో మా ఊరు ఉండే ఉంటాది. అక్కడ మా నాన సేతిలో కర్ర ఉండదు.”

పోయిన సంక్రాంతికి ఆటను మళ్ళీ మొదలుపెట్టాం. మామ్మ గోడకు ఆనుకునే ఉంది, ఇప్పుడు చూపు సరిగా ఆనదు, ఏ చోటికి వచ్చామో అడుగుతుంటుంది. కిడ్ పడిపోయింది. మడుగుకు వెళ్ళి మందు తెస్తావా అని తెరమీద ప్రశ్న వచ్చింది. బావకు ఈసారి గ్లెన్ కావాలి. చిన్నోడికి మడుగు కావాలి. ఒకే మీట మీదికి ఇద్దరి చేతులూ వెళ్ళాయి, ఇద్దరూ ‘తేను’ అన్నదే నొక్కారు. మామ్మ ఏమైందని అడిగింది.

“మడుగుకి ఎల్లట్లేదు మామ్మా” అన్నాడు చిన్నోడు.

“మరి ఆ పిల్ల?” అంది మామ్మ.